తగవును చూచు చూపు

తెలుగున ‘తగవు’ అను మాటకు రెండు అర్థములు కలవు. ఒకటి జగడము, మరియొకటి న్యాయము. తగినది, యుక్తమైనది అను భావమునుండియే ఈ మాట పుట్టినది. అందుచేతనే మన పెద్దలు జగడమాడువానిని గాక, న్యాయము చెప్పువానిని ‘తగవరి’ అనిరి. నేటి వాడుకలో న్యాయమను అర్థము మరుగుపడి జగడ మొక్కటే మిగిలినది. సంఘములో గాని, సంస్థలో గాని పుట్టు సంఘర్షణను గూర్చిన పాత క్రొత్త అభిప్రాయముల భేదమంతయు ఈ రెండర్థముల నడుమనే ఇమిడియున్నది. శ్రీకాకుళ విజయనగర ప్రాంతముల చరిత్రలోని మూడు ఘట్టముల నాధారముగ గొని దీనిని పరిశీలింతము.

సంఘర్షణ ఒక రోగమనియు, దానిని పుట్టించువాడు దుష్టుడనియు, అణచుటయే మందనియు తలచుట పాత చూపు. కౌటిల్యుడు సామదానభేదదండములను బోధించెను. అవి ఎదుటివానిని లోబరచుకొను ఉపాయములు. న్యాయనిర్ణయమునకై ఆయన వేరుగ ధర్మస్థీయ ప్రకరణమును వ్రాసెను. ఏలికలు మొదటిదానిని గుర్తుంచుకొన్నంతగా రెండవదానిని గుర్తుంచుకొనలేదు. ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లలో సంస్థల నిర్వహణను గూర్చి వ్రాసిన ఫ్రెంచి పండితుడు హెన్రీ ఫేయోల్ మొదలగువారు కూడ ఏకాజ్ఞను, క్రమశిక్షణను ప్రధానముగ జెప్పిరి. ఆ దృష్టికి జగడ మనగా యంత్రములో పడిన ఇసుక వంటిది.

ఈ చూపు ఫలమెట్టిదో బొబ్బిలి కోట చెప్పును. 1757 జనవరి 24 నాటి యుద్ధమును మనము వీరగాథగనే వినియుందుము. ఆ కాలపు ఆంగ్ల చరిత్రకారుడు రాబర్టు ఓర్మ్ దాని మూలమును గూర్చి యొక చిన్న సంగతి వ్రాసెను. బొబ్బిలివారు విజయనగర సంస్థానపు సరిహద్దులలోని సెలయేళ్ల నీటిని మళ్లించుకొనుచుండిరట. వంశాభిమానములు, పాత పగలు ఉండనే యుండెను. కాని దినదినము రాపిడి కలిగించినది పొలమునకు పారు నీరు. అది తగవరి తీర్పదగిన తగవు. పూసపాటి పెద విజయరామరాజు దానిని తీర్చుకొనుటకు ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగుల నాశ్రయించెను. పూర్వార్జితమైన సీమను విడిచినచో వేరొకచోట అంతకంటె పెద్ద భూములిత్తునని బుస్సీ కబురంపగా, రంగారావు దానిని అవమానముగ నెంచెను. ఆ రాయబారములో భూమి కొలత యున్నది గాని నీటి మాట లేదు, మానము మాట లేదు.

కోట కూలెను. లోని స్త్రీలు, పిల్లలు తమవారి చేతులనే మరణించిరి. కొలది రోజులకే తాండ్ర పాపారాయుడు విజయరామరాజును ఆయన గుడారములోనే పొడిచి చంపెను. గెలిచినవాడును మిగులలేదు. మరుసటి యేట విజయనగరము ఆంగ్లేయులతో చేయికలిపెను. 1758 డిసెంబరులో చందుర్తి వద్ద ఫ్రెంచివారు ఓడిరి. 1794 జూలై 10న పద్మనాభము వద్ద చిన విజయరామరాజు అదే ఆంగ్లేయుల కుంపిణీ సేనల చేతిలో హతుడయ్యెను. ఇరుగుపొరుగుల తగవు తుదకు మూడవవానికి రాజ్యము కట్టబెట్టినది.

1925లో అమెరికా విదుషీమణి మేరీ పార్కర్ ఫాలెట్ సంఘర్షణను గూర్చి యొక ఉపన్యాసమిచ్చెను. ఆమె చెప్పిన ఉదాహరణము మిక్కిలి సామాన్యమైనది. గ్రంథాలయములో ఒకరు కిటికీ తెరువుమనిరి, ఆమె మూయుమనెను. ప్రక్కగది కిటికీ తెరచిరి. ఆయనకు కావలసినది గాలి, ఆమెకు కావలసినది చలిగాలి తనపై సూటిగ కొట్టకుండుట, రెండును నెరవేరెను. ఒకరు గెలిచి ఒకరు ఓడుట కాదు, చెరిసగము వదలుకొనుట కాదు, కోరికల వెనుక నున్న అవసరములను వెదకి రెండింటిని తీర్చుటయే మేలైన మార్గమని ఆమె సిద్ధాంతము. బొబ్బిలిలో కిటికీకి బదులు కాలువ యుండెను; ప్రక్కగది నెవ్వరును వెదకలేదు.

అయితే తగవులన్నియు సమానుల నడుమ పుట్టవు. మందసా జమీందారీలో రైతులు అడవిలో కట్టె కొట్టుకొను హక్కు తమదనిరి. జమీందారు అది దొంగతనమనెను. రైతుల కష్టములు ప్రభుత్వమెరుగనివి కావు. టంగుటూరి ప్రకాశం పంతులుగారి అధ్యక్షతన ఏర్పడిన సంఘము జమీందారీ రైతుల స్థితిని విచారించి 1938లోనే నివేదిక నిచ్చెను. 1939లో మంత్రివర్గము రాజీనామా చేయగా అది చట్టము కాక నిలిచిపోయెను. 1940 ఏప్రిల్ 1న రైతులను పట్టుకొనిపోవ వచ్చిన పోలీసులకు గుడారి రాజమణిపురమున సాసుమాన గున్నమ్మ అడ్డు నిలిచెను. ఆమె అప్పటికి గర్భవతి. కాల్పులలో ఆమెయు, మరికొందరు రైతులును నేలకొరిగిరి. జమీందారీలను రద్దుచేయు చట్టము 1948లో వచ్చెను.

ఏజెన్సీ కథ ఇంకను దీర్ఘమైనది. గిరిజనుల భూములు పరుల పాలు గాకుండ 1917లోనే చట్టము చేసిరి. 1959లో దానిని క్రొత్త నిబంధనగ మార్చిరి. చట్టము కాగితముపై నుండగా, ఉప్పునకు, బట్టకు చేసిన అప్పు క్రింద సవరల, జాతాపుల పొలములు షావుకార్ల చేతులలోనికి పోయెను. పొలము గలవాడు కంబారి యయ్యెను. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు గిరిజన సంఘ మహాసభకు పోవువారిపై లేవిడి వద్ద భూస్వాముల పక్షమువారు కాల్పులు జరుపగా కోరన్న, మంగన్న అనువారు మరణించిరి. నిందితులు న్యాయస్థానమున విడుదలయిరి. ఆ పిమ్మట కొండలలో సాయుధ పోరాటము రగిలెను. నాయకులైన వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం 1970 జూలై 10న పోలీసుల చేతిలో మరణించిరి. ఆ యేటనే 1/70 నిబంధన అమలులోనికి వచ్చి, ఏజెన్సీ భూమి గిరిజనులదేయని తొలుత భావింపవలెననియు, కాదనువాడే రుజువు చేయవలెననియు శాసించెను. హింసను మేము మెచ్చము. కాని ఏబది మూడేండ్లు చట్టము వినని మొరను తుపాకి చప్పుడు తరువాత ప్రభుత్వము వినెనను సత్యమును దాచరాదు.

1956లో సమాజశాస్త్రజ్ఞుడు లూయిస్ కోజర్ చెప్పినది ఇదియే: సంఘర్షణను బయటపడనీయని వ్యవస్థ దానిని నశింపజేయదు, పోగుచేయును. 1974లో స్టీఫెన్ రాబిన్స్ సంస్థలలోని సంఘర్షణను గూర్చి మూడు దృష్టులను వివరించెను. సంఘర్షణ చెడుగనుక తొలగింపవలెననుట మొదటిది; సహజము గనుక అంగీకరింపవలెననుట రెండవది; మితముగనున్నచో సంస్థను మేలుకొల్పునుగాన దానికి చోటీయవలెననుట మూడవది. సమ్మెలను, లాకౌట్లను ఎరిగిన నెల్లిమర్ల జూట్ మిల్లు కార్మికునకు ఈ పేర్లు తెలియనక్కరలేదు. గేటుకు తాళము పడుటకు ముందు ఎవరైనను తన మాట వినిరా లేదా అన్నదే అతని ప్రశ్న. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టము పెద్ద కర్మాగారములలో యజమాని ప్రతినిధులును, కార్మిక ప్రతినిధులును కలిసి కూర్చుండు సంఘములకు వీలు కల్పించుట ఈ ప్రశ్నకు సమాధానముగనే. కూర్చుండుట మ్రొక్కుబడి యైనచోట అవి ఫలింపలేదు.

సంఘర్షణ యెల్ల మంచిదనుట మా యుద్దేశము కాదు. అహము కొరకు, పదవి కొరకు, ఇతరుల సొమ్ము కొరకు లేచు జగడములు కలవు; వానిలో న్యాయమను రెండవ అర్థము ఉండదు. ఏది యెట్టిదో తెలియుటకు మాత్రము ముందు వినవలెను. బొబ్బిలి నీరు, మందసా కట్టె, ఏజెన్సీ పొలము, మూడును మొదట చిన్న మొరలే. అధికారము గలవారు వానిలో జగడమును చూచిరి, తగవును చూడలేదు. గ్రామ పంచాయతీ యందైనను, మిల్లు యందైనను, కచేరీ యందైనను ఎదురు మాటాడినవానిని అల్లరివాడని పంపివేయుటకు ముందు అతడడుగునది న్యాయమా కాదా యని విచారించువాడే తగవరి. ఆ విచారణ మొర చిన్నదిగ నున్ననాడే జరుగవలెను.