క్లో లూసే సౌధము

ఫ్రెంచివారు గ్రామప్రభువుల గృహమును 'మన్వార్' అందురు. 'ఉండుట' యను నర్థముగల లాటిను ధాతువు దీనికి మూలము. వసధాతువునుండి నివాసశబ్ద మేర్పడినట్లే.

ఆంబ్వాజ్ పట్టణమందలి క్లో లూసే యిట్టిది. 1471లో 11వ లూయీరాజు కొలువువాఁడగు ఎతియెన్ లె లూ దీనిని కట్టించెను. 1490లో 8వ షార్లు కొని, పిదప రాణియగు ఆన్‌కొఱకుఁ బ్రార్థనామందిరమును జేర్చెను. గోడ లెఱ్ఱని యిటుకలవి. గవాక్షముల చట్టములు తెల్లని తూఫో శిలవి. ఆ ఱాయి మెత్తనిది. ఉలికి సులభముగా లొంగును, వానకును లొంగును! కావుననే యిట్టి కట్టడములకు మరమ్మతు తప్పదు.

1516లో మొదటి ఫ్రాన్స్వారాజు పిలువఁగా వచ్చిన లియొనార్డో డా వించి యిందే వసించి, 1519 మే 2న మరణించెను. రాజు చేతులలోఁ బ్రాణములు విడిచెనని వసారి వ్రాసెను. 1818లో ఆంగ్ర్ దానినే చిత్రించెను. కాని మే 3వ తేదిగల రాజశాసన మొకటి సేన్ జెర్మేన్ ఆన్ లేనుండి వెలువడినది. అది యాంబ్వాజునకు రెండుదినముల పయనము. శాసనమున రాజు చేవ్రాలు లేదుగాన నతఁ డచ్చట నుండెనని సిద్ధింపదని కొంద ఱాక్షేపింతురు. ఆక్షేపము యుక్తమే, ఐనను దానివలన వసారి కథ సిద్ధింపదు. శిష్యుఁడు మెల్ట్సీ జూను 1న గురుసోదరులకు వ్రాసిన లేఖలో, రాజు మరణశయ్యకడ నుండెనన్న మాటయే లేదు.