డ్రైవరు లేని కారు - సైకిలు మనిషి

స్వయంచాలిత కారు వలన పాదచారి మరణించిన మొదటి ప్రమాదము 2018 మార్చి 18 రాత్రి, అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రమున టెంపే నగరములో జరిగినది. ఒక స్త్రీ సైకిలును తోసుకొనుచు రోడ్డు దాటుచుండగా, ఊబర్ సంస్థ పరీక్షించుచున్న కారు ఆమెను ఢీకొనెను.

కారు ఆమెను చూడలేదా? చూచినది. ప్రభుత్వ విచారణలో తేలినదేమనగా, 5.6 సెకండ్ల ముందే రాడార్ ఆమెను పసిగట్టెను. అప్పటి వేగము గంటకు సుమారు 70 కిలోమీటర్లు. అనగా ఇంకను నూరు మీటర్లకు పైగా దూరమున్నది; కారు ఆగుటకు అది చాలును. కాని యంత్రము ఆమెను ఒకసారి ‘వాహనము’ అనియు, ఒకసారి ‘ఏదో వస్తువు’ అనియు, మరియొకసారి ‘సైకిలు’ అనియు తలచెను. పేరు మారినప్పుడెల్ల ఆమె అంతవరకు కదలిన జాడను విడిచి, లెక్కను మరల మొదలుపెట్టెను. జాడ లేనిదే ఎటు పోవునో ఊహించుట ఎట్లు? పైగా, గీతలు లేనిచోట మనిషి రోడ్డు దాటునను ఊహయే దాని లెక్కలో లేదు! కారులో కూర్చున్న పర్యవేక్షకురాలి చూపు సెల్‌ఫోనుపై నుండెను.

తిరుపతి, చిత్తూరు వీధులలో పాలక్యాన్లు తగిలించిన సైకిలును తోసుకొనిపోవువాడు గీతల కొరకు వెదకడు. ఇట్టి వీధులు గల మన దేశమునను పరిశోధన మొదలైనది. 2022 జులై 4న హైదరాబాదు ఐ.ఐ.టి.లో ‘తిహాన్’ పరీక్షాక్షేత్రము ప్రారంభమైనది. తిరుపతి ఐ.ఐ.టి.కి చెందిన నవావిష్కార్ కేంద్రము స్థాననిర్ణయ విద్యలో కృషి చేయుచున్నది. అయితే టెంపేలో సైకిలు ఉన్న స్థానము కారుకు తెలిసియే యుండెను. తెలియనిది అది మరుక్షణమున ఎచ్చట నుండునన్నదే.