బాబిన్ నుంచి బారెన్ దీవి దాకా
భారీ చేపల స్పిన్నింగ్ రీలు పుట్టుపూర్వోత్తరాలు

అండమాన్‌లో గాలం సరదా ఉన్నవాళ్లు పెద్ద పార చేపను ‘జీటీ’ అంటారు. జయంట్ ట్రెవల్లీకి అది పొట్టిపేరు. ముప్పై, నలభై కిలోలు తూగే ఈ చేప పగడపు గట్టు అంచున కాపు కాసి, నీటి మీద చప్పుడు చేసుకుంటూ పోయే చెక్క ఎర మీద విరుచుకుపడుతుంది. గాలం గుచ్చుకోగానే తిన్నగా గట్టు కిందికి దూరడానికే చూస్తుంది. పదునైన పగడానికి దారం ఒరుసుకుందా, చేపా పోయింది, ఎరా పోయింది. కాబట్టి తాడోపేడో మొదటి అర నిమిషంలోనే తేలిపోవాలి. ఆ కాసేపూ భారమంతా మోసేది మహా అయితే కిలో తూగే ఒక యంత్రం. అదే స్పిన్నింగ్ రీలు.

ఆ యంత్రాల్లో షిమానో కంపెనీ ‘స్టెల్లా ఎస్‌డబ్ల్యూ’ పెద్ద సైజు ధర లక్ష రూపాయల చుట్టూ ఉంటుంది. డైవా వారి ‘సాల్టిగా’ కూడా ఇంచుమించు అదే అంతస్తుది. అమెరికా కంపెనీ పెన్ చేసే ‘స్లామర్’ అందులో మూడో వంతుకే దొరుకుతుంది. ఏది గొప్పదన్న వాదన నలుగురు గాలంగాళ్లు కలిసినచోట తెమిలేది కాదు. అయితే ఈ పోటీ అసలు దేని గురించో తెలియాలంటే చేపల్ని కాసేపు పక్కన పెట్టాలి. ఎందుకంటే ఈ రీలులోని కీలకమైన ఆలోచనలు చాలావరకు చేపలతో సంబంధం లేని చోట పుట్టినవి.

చెయ్యే రీలు

ఈ దీవులకు రీలు కన్నా ఎంతో ముందే చేతి గాలం వచ్చింది. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్‌లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు సుమారు 13 శాతం. వాళ్లలో శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలస వచ్చిన మత్స్యకార కుటుంబాలు చాలా ఉన్నాయి. పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే 2024 నుంచి శ్రీ విజయపురంలో, జంగ్లీఘాట్ రేవు పక్కన తెలుగు వినబడకుండా పొద్దు గడవదు.

చేతి గాలంతో పెద్ద సూర చేపనో కోనాంనో లాగేవాడి పని చూస్తే రీలు చేయాల్సిన పనులన్నీ కనిపిస్తాయి. చేప ఉరికినప్పుడు పిడికిలి కాస్త సడలిస్తాడు. తాడు వేళ్ల మధ్య ఒరుసుకుంటూ పోతుంది. తెగేలా బిగించడు, చేప ఊపిరి పీల్చుకునేంత వదలడు. చేప నెమ్మదించగానే మూరలకు మూరలు లాగి బోటులో పోస్తాడు. ఒరిపిడికి చెయ్యి కాలకుండా వేళ్లకు గుడ్డో రబ్బరో చుట్టుకుంటాడు. రీలు భాషలో ఆ పిడికిలి పేరు డ్రాగ్. ఆ మూరలు గేర్లు. అతను చేయలేనిది ఒక్కటే: రెండు వందల గ్రాముల ఎరను అరవై మీటర్ల అవతల గట్టు మీదికి విసరడం, వెంటనే దాన్ని గబగబా లాక్కురావడం. స్పిన్నింగ్ రీలు పుట్టింది ఆ విసురు కోసమే.

మిల్లు యజమాని ఆలోచన

పాత రీలులో విసిరినప్పుడు దారంతో పాటు డ్రమ్ము కూడా తిరగాలి. ఎర వేగం తగ్గినా డ్రమ్ము జోరు తగ్గక దారం చిక్కుపడిపోతుంది. స్కాట్లాండ్‌లో పెర్త్ పట్టణానికి చెందిన పీటర్ మాలక్ దీనికి 1884లో ఒక ఉపాయం కనిపెట్టాడు. విసిరే ముందు డ్రమ్మును పక్కకు తిప్పి పెడితే దారం దాని అంచు మీదుగా జారిపోతుంది, డ్రమ్ము కదలదు. చుట్టేటప్పుడు మళ్లీ మామూలుగా తిప్పుకోవాలి.

దాన్ని పూర్తి యంత్రంగా మలిచింది ఇంగ్లండులో బ్రాడ్‌ఫర్డ్‌కు చెందిన ఆల్ఫ్రెడ్ హోల్డెన్ ఇలింగ్‌వర్త్. ఆయన ఉన్ని బట్టల మిల్లుల మనిషి. మిల్లులో బాబిన్ నిలబెట్టి ఉంటుంది, నూలు దాని కొస మీదుగా జారుతూ వచ్చేస్తుంది. 1905లో ఆయన పేటెంటు తీసుకున్న రీలులో స్పూలు అలాగే కదలకుండా ఉంటుంది. చుట్టాల్సి వచ్చినప్పుడు దాని చుట్టూ తిరిగే భాగం దారాన్ని పేరుస్తుంది. ఈనాటి లక్ష రూపాయల రీలుకైనా మూలసూత్రం ఇదే. 1932లో ఇంగ్లండు కంపెనీ హార్డీ తన ఆల్టెక్స్ రీలుకు పూర్తి బెయిల్ బిగించింది. విసిరాక హ్యాండిల్ తిప్పితే చాలు, ఆ తీగ కమ్మీ దానంతటదే దారాన్ని అందుకుంటుంది.

అయినా ఇవన్నీ మంచినీటి చిన్న చేపలకే. సముద్రపు భారీ చేపల కథ అప్పటికి వేరే దారిలో నడుస్తోంది. 1898లో కాలిఫోర్నియా తీరంలోని కాటలీనా దీవిలో చార్లెస్ ఫ్రెడరిక్ హోల్డర్ 183 పౌండ్ల ట్యూనాను రాడ్డుతో పట్టాడు. ఆ ఏడాదే అక్కడ ట్యూనా క్లబ్బు వెలిసింది. అప్పటి రీళ్లకు చెప్పుకోదగ్గ బ్రేకే లేదు. చేప ఉరికితే హ్యాండిల్ వెనక్కి గిర్రున తిరిగి వేళ్ల కణుపులు పగలగొట్టేది, తోలు ముక్కను బొటనవేలితో దారం మీద అదమడమే దిక్కు. బాష్చెన్ అనే అమెరికన్ ఆలోచనతో వామ్ హోఫ్ తయారుచేసిన స్టార్ డ్రాగ్ రీలు 1913లో ఆ బాధ తీర్చింది. అప్పటి నుంచి చాలాకాలం భారీ చేపంటే డ్రమ్ము రీలే. స్పిన్నింగ్ రీలులో దారం రోలరు దగ్గర ఒక్కసారిగా మలుపు తిరుగుతుంది, హ్యాండిలు తిప్పే బలం కూడా గేర్ల దగ్గర అడ్డంగా మళ్లాలి. ఆ మలుపుల్లో బలం కొంత వృథా అవుతుంది. డ్రమ్ము రీలుకు ఈ తిప్పలు లేవు. నడిచే బోటు వెనక ఎరను లాక్కుపోయే ట్రోలింగ్‌కు ఇప్పటికీ అదే మేలు.

గడియారాలవాళ్లు, సైకిళ్లవాళ్లు

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత స్పిన్నింగ్ రీలును ఇంటింటి వస్తువు చేసింది ఫ్రాన్స్‌లోని క్లూజ్ పట్టణం. ఆల్ప్స్ పర్వతాల నడుమ గడియారాల విడిభాగాలు చేసే ఊరది. అక్కడి కార్పానో అండ్ పోన్స్ కంపెనీ ‘మిచెల్ 300’ రీలు అమెరికాలో లక్షల సంఖ్యలో అమ్ముడుపోయింది.

ఫిలడెల్ఫియాలో జర్మనీ నుంచి వలస వచ్చిన ఓటో హెన్జ్ 1932లో పెన్ కంపెనీ పెట్టాడు. మొదట సముద్రపు డ్రమ్ము రీళ్లతోనే పేరు తెచ్చుకున్న పెన్, 1961లో స్పిన్‌ఫిషర్‌తో ఈ రంగంలోకి దిగింది. లోపల భాగాలు తక్కువ, ఉన్నవి మందం. ఇంట్లో స్క్రూడ్రైవరు ఉంటే విప్పుకోవచ్చు. పెన్ అభిమానులు నేటికీ మొదట చెప్పే మాట ఇదే.

జపాన్‌లోని సకాయ్ కత్తులకూ తుపాకులకూ, తర్వాత సైకిళ్లకూ పేరుపడ్డ ఊరు. షోజబురో షిమానో 1921లో అక్కడ పెట్టిన కార్ఖానా సైకిల్ ఫ్రీవీల్‌తో మొదలైంది. ఉక్కును కాల్చకుండా చల్లగానే అచ్చులో నొక్కి ఆకారం తెప్పించే విద్యను 1960ల్లో సైకిల్ భాగాల కోసం సాధించింది. 1970లో చేపల సామగ్రి విభాగం తెరిచింది. స్టెల్లా 1992లో వచ్చింది. సముద్రం కోసం ప్రత్యేకించిన స్టెల్లా ఎస్‌డబ్ల్యూ 2008, 2013, 2019 సంవత్సరాల్లో కొత్త రూపాలు దిద్దుకుంది. అందులోని పెద్ద గేరు చల్లగా నొక్కి చేసినదే.

దాని చిరకాల ప్రత్యర్థి 1958లో ఏర్పడిన డైవా సెయికో. ఆ కంపెనీ పేరు 2009 నుంచి గ్లోబ్‌రైడ్. దాని సాల్టిగా ఈ శతాబ్దం మొదట్లో రంగంలోకి వచ్చింది. 2020 సాల్టిగా ఒంటి ముక్క బాడీతో వచ్చింది. పక్క మూతను స్క్రూలతో కాకుండా మరచుట్టుతో బిగించడం వల్ల అదే సైజులో మరింత పెద్ద గేరు పట్టింది. ఇంకో విశేషం: అంతకుముందు తన పెద్ద రీళ్లకు 4500, 5000, 6500 అని సొంత అంకెలు వేసుకున్న డైవా, ఈసారి 14000, 18000 అంటూ షిమానో అంకెల దారికొచ్చింది. పెన్ మాత్రం తన అంకెలు తనవే అంటుంది. అందుకే పెట్టె మీది నంబరు చూసి రెండు కంపెనీల సైజులు పోల్చడం మోసం.

దారం మారితే రీలు మారింది

భారీ చేప స్పిన్నింగ్ రీలుకు చిక్కడానికి అసలు కారణం రీలు కాదు, దారం. 1970ల చివర డచ్ కంపెనీ డీఎస్‌ఎమ్ పరిశోధకులు పాలిథిలీన్‌ను అతి బలమైన పోగుగా లాగే పద్ధతి కనుక్కున్నారు. తూటాలాపే కవచాల్లో వాడే ఆ పోగే 1990ల్లో అల్లిక దారమై గాలానికి చేరింది. వంద పౌండ్లు మోసే నైలాన్ దారం దాదాపు ఒక మిల్లీమీటరు లావుంటే, ‘పీఈ 8’ అని పిలిచే అల్లిక దారం అర మిల్లీమీటరు కూడా ఉండదు. చిన్న స్పూలు మీదే మూడు వందల మీటర్లు పడుతుంది, ఎర దూరం పోతుంది, సాగదు కాబట్టి చేప కుదుపు ఉన్నదున్నట్టు చేతికి తెలుస్తుంది.

దారం బలపడ్డాక బరువంతా డ్రాగ్ మీద పడింది. లెక్క వేసి చూడండి. డ్రాగ్ పది కిలోలకు బిగించి ఉంది, చేప సెకనుకు ఐదు మీటర్ల వేగంతో దారం లాక్కుపోతోంది. అంటే దాదాపు 490 వాట్లు. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టెలో సగం వేడి, అరచేతిలో ఇమిడే స్పూలు లోపల పుడుతుంది. పాత ఫెల్ట్ వాషర్లయితే ఆ వేడికి గట్టిపడి పట్టేసేవి. పట్టేసిన క్షణంలో దారం పుటుక్కుమనేది. కార్బన్ ఫైబర్ వాషర్లు వచ్చాక ఆ భయం బాగా తగ్గింది. పెన్ వారి హెచ్‌టీ-100 వాషర్లకు పేరొచ్చింది ఇందుకే. స్టెల్లా, సాల్టిగా పెద్ద సైజులు పాతిక కిలోల దాకా బిగుస్తాయని కంపెనీలు రాస్తాయి. నిజానికి నిలబడి పట్టేవాడి నడుము పదిహేను కిలోలకే ఔనంటుంది. చూడాల్సింది ఎంత బిగుస్తుందని కాదు, కదిలే మొదటి క్షణంలో కుదుపు లేకుండా జారుతుందా అని. ఇక వేగంలో తేడా వెతకడం దండగ: రెండు కంపెనీల 14000 సైజు వేగవంతమైన రకాల్లోనూ గేరు నిష్పత్తి 6.2. హ్యాండిల్ ఒక చుట్టుకు మీటరుకు పైగా దారం వస్తుంది.

ఉప్పునీటికి మూడు మందులు

దారం, డ్రాగ్, గేర్ల విషయంలో అందరూ దాదాపు ఒకచోటికే చేరారు. ఇంకా ఏకీభవించనిది ఒక్క ఉప్పునీటి దగ్గరే. తిరిగే ఇరుసుకూ నిలిచి ఉండే బాడీకీ మధ్య సందు ఉండక తప్పదు. ఆ సందులోంచి ఉప్పు లోపలికి దూరితే హ్యాండిల్ వెనక్కి తిరక్కుండా ఆపే వన్‌వే బేరింగే ముందుగా మొండికేస్తుంది.

మొదటి మందు రబ్బరు సీలు. 1990ల్లో అలల్లో నిలబడి విసిరేవాళ్ల కోసం అమెరికాలో వచ్చిన వాన్ స్టాల్ రీళ్లు ఈ దారిలో చివరిదాకా వెళ్లాయి. నీళ్లలో ముంచినా భయం లేదు. కాకపోతే రబ్బరు ఒరుసుకోవడం వల్ల హ్యాండిల్ కాస్త బరువుగా తిరుగుతుంది. స్లామర్‌దీ ఇదే బాట, దాని సీళ్లకు నీటి రక్షణలో ఐపీఎక్స్6 స్థాయి ఉంది.

రెండోది షిమానో మార్గం. సీళ్లతో పాటు నీటిని తోసే గ్రీజును, నీరు సులువుగా చొరబడలేని వంకర సందులను కలిపి వాడుతుంది. ఒరిపిడి తక్కువ, తిరగడం మెత్తన.

మూడోది డైవా వారి మాగ్‌సీల్. 1963లో నాసా ఇంజనీరు స్టీవ్ పేపెల్ రాకెట్ ఇంధనాన్ని భారరహిత స్థితిలో అయస్కాంతంతో పంపు వైపు లాగే ఉపాయం కోసం వెతుకుతూ అయస్కాంత ద్రవాన్ని కనిపెట్టాడు. అలాంటి నూనెనే డైవా 2010 ప్రాంతంలో రీలు సందులో అయస్కాంతాలతో నిలబెట్టింది. నూనెపొరే నీటికి అడ్డుగోడ అవుతుంది. రబ్బరు లేదు కాబట్టి ఒరిపిడీ లేదు. చిక్కల్లా ఒకటే. తెలియక విప్పినా, అక్కడ మామూలు నూనె పోసినా ఆ పొర చెదిరిపోతుంది. దాన్ని మళ్లీ నింపడం కంపెనీ సర్వీసు సెంటరు పని.

దీవిలో ఏది కొనాలి?

టోక్యోలోనో ఫ్లోరిడాలోనో ఈ సర్వీసు తేడా చిన్నది. అండమాన్‌లో ఇదే పెద్దది. పోర్ట్ బ్లెయిర్ నుంచి చెన్నైకైనా విశాఖకైనా సముద్రం మీద పన్నెండు వందల కిలోమీటర్ల దూరం. నౌకలో రెండున్నర, మూడు రోజుల ప్రయాణం. దేశంలో ఏకైక సజీవ అగ్నిపర్వతమున్న బారెన్ దీవి పోర్ట్ బ్లెయిర్‌కు ఇంకో 135 కిలోమీటర్లు ఈశాన్యంగా ఉంది. సీజను నడుమ అక్కడ రీలు మొరాయిస్తే ప్రధాన భూభాగానికి పంపి రప్పించుకునేలోగా సీజనే అయిపోతుంది.

కాబట్టి బ్రాండ్ల పోలికను ఇక్కడ మనిషిని బట్టి చేయాలి. ఏడాదికోసారి హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో వచ్చి వారం పాటు పట్టేవాడికి స్టెల్లా, సాల్టిగాల్లో ఏదైనా ఒకటే. చేతికి నప్పిందీ, తన ఊళ్లో సర్వీసు దొరికేదీ తీసుకుంటే చాలు. సీజనంతా రోజూ బోటు నడుపుతూ, అలవాటు లేని చేతులకు రీళ్లు అద్దెకిచ్చేవాడికి స్లామర్ లాంటిదే సరి. బరువు కాస్త ఎక్కువైనా, విప్పి, గ్రీజు మార్చి, రెండు విడిభాగాలు దగ్గర పెట్టుకుంటే మర్నాటికి పనిలోకి దిగుతుంది. ఒక్క స్టెల్లా ధరకు మూడు వస్తాయి, ఒకటి మూలబడినా రెండు ఉంటాయి. చేపను అమ్ముకుని బతికే తెలుగు మత్స్యకారుడికి వీటిలో ఏదీ అక్కర్లేదు. అతని లెక్కలో అర నిమిషం థ్రిల్లుకు ధర లేదు, తాడు చివర ఎంత బరువు వచ్చిందన్నదే లెక్క.

ఏ బ్రాండు కొన్నా సాయంత్రం చేయాల్సిన పని మాత్రం ఒక్కటే. డ్రాగ్ గట్టిగా బిగించి, మంచినీళ్లు సన్నని ధారగా పోసి కడగాలి. జోరు పైపు పెడితే బయటి ఉప్పును మనమే లోపలికి తోసినట్టు. తుడిచి నీడన ఆరబెట్టాక డ్రాగ్ వదులు చేయాలి, లేకపోతే వాషర్లు అణగిపోయి మర్నాడు కుదుపిస్తాయి. ఇలింగ్‌వర్త్ బాబిన్‌కు నూట ఇరవై ఏళ్లలో ఎన్ని హంగులు చేరినా, ఆ ఐదు నిమిషాల పని తప్పించే రీలు ఇంకా ఏ కంపెనీ చేయలేదు. అది చేయనివాడి స్టెల్లా కన్నా రోజూ చేసేవాడి స్లామరే ఎక్కువ కాలం బతుకుతుంది.