మోటబావి వాలు లెక్క

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక గోదావరి డెల్టా పొలాలకు నీళ్లు కాలువల్లో వాటంతట అవే పారివచ్చాయి. పల్లానికి పారడం నీటి గుణం కాబట్టి అక్కడి రైతు మడవ తీసి, మడవ కడితే చాలు. రాయలసీమ, తెలంగాణ మెట్ట ఊళ్లలో సంగతి వేరు. చెరువు నిండిన ఏడాది ఫరవాలేదు. ఎండిన ఏడాది మాత్రం రాతిని పగలగొట్టి తవ్విన బావే దిక్కు. బావి నీటిని పైకి తేవాలంటే భూమి ఆకర్షణతో రోజంతా తలపడాలి. కరెంటు మోటార్లు రాకముందు ఆ పనికి రైతుల చేతిలో ఉన్నవి ముఖ్యంగా మూడు: గూడ, ఏతం, మోట. మోటనే రాయలసీమలో కపిల అన్నారు. బలం, జడత్వం, ఘర్షణ, పని అంటూ బడిపిల్లలు వేర్వేరు పాఠాల్లో చదివేవన్నీ ఈ మూడింటి దగ్గర కలిసే కనబడేవి.

గూడ అన్నిటికన్నా తేలిక సరంజామా. బుట్టలాంటి పాత్ర, దానికి నాలుగు తాళ్లు, ఎదురెదురుగా ఇద్దరు మనుషులు. కాలువకో గుంటకో మూడడుగుల ఎత్తున ఉన్న మడికి నీళ్లు పెట్టాలంటే ఇద్దరూ తాళ్లు పట్టుకుని గూడను వెనక్కి ఊపి నీళ్లలో ముంచుతారు, నిండగానే ముందుకు విసురుతారు. గట్టు మీదికి రాగానే తాళ్లను చటుక్కున బిగబట్టి ఆపుతారు. గూడ ఆగుతుంది కానీ అందులోని నీళ్లు ఆగవు, అదే వేగంతో ముందుకు పోయి మడిలో పడతాయి. కదిలే వస్తువును ఏదో ఒక బలం ఆపేదాకా అది కదులుతూనే ఉంటుందన్న న్యూటన్ మొదటి నియమం అచ్చులోకి వచ్చింది 1687లో. గూడ వేసేవాళ్లకు అది భుజాల్లో ఉన్న విద్య. ఇద్దరిలో ఒకరి ఊపు తప్పితే నీళ్లు గట్టు మీదే ఒలికిపోయేవి.

ఇంకాస్త లోతైన బావికి ఏతం. నిలువు స్తంభాల మధ్య ఇరుసు మీద ఒక పొడవాటి దూలం అటూ ఇటూ వాలుతుంది. ఒక కొసన వెదురు గడ, దాని చివర బాన. రెండో కొసకు కొన్నిచోట్ల రాయి కట్టేవారు, కొన్నిచోట్ల మనిషే దూలమెక్కి తొక్కేవాడు. బాన వైపు నడిస్తే అది బావిలోకి దిగుతుంది, వెనక్కి నడిస్తే పైకి లేస్తుంది. ఇరుసుకు 2 మీటర్ల దూరంలో నిలబడ్డ 60 కిలోల మనిషి, అటువైపు 4 మీటర్ల దూరాన వేలాడే 30 కిలోల బానకు సరితూగుతాడు. దూలం బరువు పక్కనబెడితే, అక్కణ్ణుంచి ఒక్క అడుగు వెనక్కి వేసినా చాలు, బాన లేస్తుంది. బరువుతోపాటు ఇరుసు నుంచి దాని దూరం కూడా లెక్కలోకి వస్తుందనేదే తులాదండం సూత్రం. రాయి కట్టిన ఏతంలో సౌకర్యం ఇంకొకటి. ఖాళీ బానను కిందికి లాగేటప్పుడు రాయి పైకి లేస్తుంది, నిండు బాన పైకొచ్చేటప్పుడు ఆ రాయి దిగుతూ సాయం చేస్తుంది. అంటే మనిషి కష్టమంతా కిందికి లాగడంలోనే. పైకి ఎత్తడం కంటే ఒళ్లంతా వేసి కిందికి లాగడం ఎవరికైనా సులువు.

ఈ మూడింట్లో పెద్దది, ఖరీదైంది మోట. బావి అంచున రెండు స్తంభాలు, వాటి మధ్య ఎత్తులో పెద్ద గిలక, కింద నీళ్లు పడే తొట్టి అంచున చిన్న గిలక. పెద్ద గిలక మీదుగా పోయే లావు మోకుకు తోలు బాన వేలాడుతుంది. బాన అడుగున ఏనుగు తొండంలాంటి తోలు గొట్టం ఉంటుంది కనుక దాన్ని తొండం అనే అన్నారు. తొండం కొసకు కట్టిన సన్న తాడు చిన్న గిలక మీదుగా వస్తుంది. మోకు, తాడు రెండూ వెళ్లి ఎద్దుల కాడికే తగులుతాయి. బాన పైకి వస్తున్నంతసేపూ సన్న తాడు తొండాన్ని మడిచి, మూతిని పైకెత్తి పడుతుంది కాబట్టి చుక్క కారదు. పైకి రాగానే బాన పెద్ద గిలక దాకా లేస్తుంది, తొండం మాత్రం కింది గిలక మీదుగా బయటికి సాగుతుంది. ఇప్పుడు మూతి బాన కంటే దిగువన ఉంది. నీళ్లన్నీ తొట్టిలోకి దూకుతాయి. బానను వంచడానికి మనిషి చెయ్యి పెట్టనక్కర్లేదు.

గిలక మోకు దిక్కును మార్చేదే తప్ప బరువును తగ్గించేది కాదు. ఆ పని వాలుదారిది. ఎద్దులు నడిచే బాట బావి దగ్గర ఎత్తుగా మొదలై, దూరం పోయేకొద్దీ పల్లానికి దిగుతుంది. బానలో 150 లీటర్ల నీళ్లు ఉన్నాయనుకుంటే మోకును అవి సుమారు 1500 న్యూటన్ల బలంతో కిందికి లాగుతాయి. ఎద్దుల జత బరువు 600 కిలోలు, బాట 6 మీటర్లకు 1 మీటరు చొప్పున దిగుతోందనుకుందాం. వాలు మీద నిలబడ్డ బరువులో ఎంత భాగం వాలు వెంట లాగుతుందో నెదర్లాండ్స్ ఇంజనీరు సైమన్ స్టెవిన్ 1586లో లెక్కగట్టాడు. ఎత్తును పొడవుతో భాగించి, దానితో బరువును గుణించాలి. ఆ లెక్కన ఎద్దుల ఒంటి బరువే 1000 న్యూటన్లు ఇస్తుంది. కాళ్లు నేలను తన్ని ఇవ్వాల్సింది మిగిలిన 500. తోలే మనిషి మోకు మీద కూర్చుంటే అతని బరువూ జతపడుతుంది.

అయితే వాలు ఇచ్చింది అప్పే. 10 మీటర్ల లోతు నుంచి బానను లాగితే నీటికి అందిన పని 15,000 జౌళ్లు. అందులో 10,000 ఎద్దుల బరువు కిందికి దిగడం వల్ల వచ్చింది. మళ్లీ బావి దగ్గరికి రావాలంటే ఆ 600 కిలోలూ వాలెక్కాలి, అంటే 10,000 జౌళ్లూ తిరిగి కట్టాలి. చాలాచోట్ల ఎద్దులు కాడి విప్పకుండా వెనక్కి వెనక్కి నడిచి ఆ బాకీ తీర్చేవి. అలా నడవడం వాటికి పుట్టుకతో వచ్చింది కాదు, ఓపిగ్గా నేర్పాల్సిందే. వాలు తగ్గించేది బలాన్ని. పని మొత్తం మాత్రం 15,000 దగ్గరే ఉంటుంది, పోతూ కొంత, వస్తూ కొంత అని రెండుగా చీలుతుంది.

ఈ లెక్కలో పడని నష్టాలు కూడా ఉన్నాయి. గిలక ఇరుసు దగ్గర ఘర్షణ ఎక్కువైతే కిర్రుమంటూ ఎద్దుల శక్తిని తినేసేది. అందుకే ఆముదం పోసేవారు. తొందరపడి ఎద్దులను అదిలిస్తే బాన ఒక్కసారిగా వేగం పుంజుకుంటుంది. ఆ త్వరణానికి కావలసిన అదనపు బలం కూడా మోకు మీదే పడుతుంది కనుక పాత మోకులు అలాంటి కుదుపుకే తెగేవి. బాన తోలుది మరో గొడవ. తంగేడు చెక్కతో పదును పెట్టిన తోలుతో మాదిగలు బానలు, తొండాలు కుట్టేవారు, చిల్లులు పడితే అతికేవారు. ఆ శ్రమకు ప్రతిఫలంగా నూర్పిళ్లప్పుడు కళ్లంలో ధాన్యం కొలిచేవారు. రోజంతా నానే తోలు త్వరగా చివికిపోతుంది. దారిలో కారిన ప్రతి లీటరూ ఎద్దులు వృథాగా మోసిన బరువే.

మద్రాసు ఇంజనీరింగ్ కాలేజీలో ప్రొఫెసరుగా వచ్చిన ఆల్ఫ్రెడ్ చాటర్టన్‌కు ఈ బాన మీద చూపు పడింది. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో ఆయన మద్రాసులో క్రోమ్ పద్ధతిలో తోలు పదును చేసే ప్రయోగాలు జరిపించాడు. నీళ్లలో ఎక్కువకాలం నిలిచే మోట బానలు తయారుచేయడం ఆ ప్రయోగాల ఉద్దేశాల్లో ఒకటి. బావుల మీద ఆయిల్ ఇంజన్లు పెట్టించే ప్రయత్నమూ ఆయనదే. 1912లో లిఫ్ట్ ఇరిగేషన్ అనే పుస్తకం కూడా తెచ్చాడు. తర్వాత్తర్వాత తోలు బాన స్థానంలో ఇనుప రేకు బాన వచ్చింది. తొండం మాత్రం తోలుగానే మిగిలిన మోటలు చాలా ఉండేవి.

మోటను చివరికి పక్కకు నెట్టింది కరెంటు మోటారు. దాని శక్తిని కొలిచే హార్స్‌పవర్ కూడా పశువు పేరు మీద పుట్టిందే. 18వ శతాబ్దం చివర్లో తన ఆవిరి యంత్రం ఎన్ని గుర్రాల పని చేస్తుందో కొనేవాళ్లకు చెప్పడానికి జేమ్స్ వాట్ ఆ కొలతను స్థిరపరిచాడు. ఇప్పటి లెక్కలో అది 746 వాట్లు. పైన చెప్పిన మోట నిమిషానికి ఒక బాన తోడితే సెకనుకు 250 జౌళ్లు, అంటే హార్స్‌పవర్‌లో మూడోవంతు. ఆ లెక్కన 5 హార్స్‌పవర్ మోటారు దాదాపు 15 మోటలకు సమానం. ఎద్దులు అలిసిపోతాయి, మోటారుకు అలుపు లేదు.

ఎన్.టి.రామారావు ప్రభుత్వం వ్యవసాయ మోటార్లకు మీటరు లెక్క తీసేసి హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయల స్లాబు పెట్టింది. 2004 మేలో వై.ఎస్.రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజే ఉచిత విద్యుత్తు ఫైలుపై సంతకం పెట్టారు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైంది. ఈలోగా నీళ్లు లోతుకు దిగాయి, బావుల పక్కన బోర్లు పడ్డాయి. 10 మీటర్ల మోటబావి నుంచి లీటరు నీళ్లు తేవడానికి 100 జౌళ్లు చాలు. 200 మీటర్ల బోరు నుంచి అదే లీటరుకు 2000 జౌళ్లు కావాలి. మోట కాలంలో నీటిమట్టం దిగితే మోకు పొడవు పెంచాలి, బాట పొడిగించాలి, ఎద్దుల రొప్పు వినాలి. బోరు కాలంలో ఆ ఇరవై రెట్ల పని రైతు బిల్లులో కనబడదు, విద్యుత్ పంపిణీ సంస్థల (డిస్కంల) సబ్సిడీ పద్దులో కనబడుతుంది.