వాన వెలిసిన తరువాత కారులో వినిపించే శబ్దాలు: కారణాలు, సవరణలు

హోసూరు, బాగలూరు, బేరికె వైపు మన పల్లెలకు ఏటా రెండు వానకాలాలు. నైరుతి ఋతుపవనాలు వెనుదిరుగుతుండగానే అక్టోబరులో ఈశాన్య ఋతుపవనాలు అందుకుంటాయి. ఎర్రమట్టి దారులు బురదవుతాయి, చెరువులు మరవ పోతాయి. ఆ నీళ్లలో తిరిగిన కారు మరునాడు ఏదో ఒక కొత్త శబ్దం చేయడం సహజం. శబ్దం వినగానే మెకానిక్ వద్దకు పరుగెత్తనవసరం లేదు. తడి ఆరితే అదే పోతుందని నెలల తరబడి ఊరకుండటమూ తగదు. బండి కదిలిన పది నిమిషాలలో శబ్దం సన్నగిల్లుతున్నదా, రోజురోజుకూ పెరుగుతున్నదా అన్నది ముందుగా గమనించవలెను.

ఉదయం ఇంజను స్టార్టు చేయగానే బానెట్టు లోపల నుండి కీచుమనే శబ్దం వస్తే అది సాధారణంగా ఆల్టర్నేటరును తిప్పే బెల్టుది. పాతవారు నేటికీ దీనిని ఫ్యాను బెల్టనే అంటారు. తడికి బెల్టు జారుతుంది, వేడెక్కగానే పట్టు దొరికి శబ్దం ఆగుతుంది. ఎండ కాసిన రోజున కూడా అరిస్తే పరీక్షించవలెను. ఇంజను నడుస్తుండగా బెల్టు గాళ్ల మీద సీసాతో కొద్దిగా నీరు చిలకరించండి. శబ్దం క్షణకాలం ఆగి మళ్లీ వస్తే బెల్టు అరిగినదని గాని, పుల్లీలు వరుస తప్పినవని గాని భావించవచ్చు. నీరు పడగానే శబ్దం హెచ్చితే బెల్టు వదులైనది. ఈ పరీక్ష చేసేవారు చీర కొంగు, తువ్వాలు, చేతులు బెల్టుకు దూరంగా ఉంచుకోవలెను. అరుపు మాన్పడానికి కొందరు సబ్బు, నూనె రాస్తారు. అది బెల్టును పాడు చేయడమే.

రాత్రి వానలో నిలిచిన కారు బ్రేకు డిస్కులపై పలుచని తుప్పు పడుతుంది. మొదటి రెండు మూడు బ్రేకులకు గరగరలాడి పోతే చింత లేదు. పోకపోతే ప్యాడ్లు చూపించుకోవలెను. హ్యాండ్‌బ్రేకు వేసి ఉంచిన కారు కదిలేటప్పుడు వెనుక 'టప్' మంటే, తడికి బ్రేకు షూలు డ్రమ్ములకు అంటుకొని ఊడినవని అర్థం. వానరోజుల్లో సమతలంలో నిలిపి, గేరులో ఉంచి, చక్రాలకు రాళ్లు పెట్టుకుంటే ఈ బాధ ఉండదు. బ్రేకు వేయకున్నా ఎడతెగక గీసుకుంటుంటే డిస్కుకు, దాని వెనుక రేకుకు మధ్య గులకరాయి చిక్కి ఉండవచ్చు. కారును మెల్లగా వెనుకకు, ముందుకు నడిపితే తరచుగా అదే రాలిపోతుంది.

తలుపులలో నీరు గళగళలాడితే అడుగున ఉన్న రంధ్రాలు మట్టితో పూడినట్లు. సన్నని పుల్లతో తీస్తే సరి.

ఇక ఉపేక్షించరానిది చక్రాల బేరింగుల మోత. మూడేళ్ల క్రితం కార్తీకంలో మరవ నీటిలో కారు దాటించాను. కొద్ది రోజులకు వేగం పెరిగే కొద్దీ హోరుమనే మోత మొదలైంది. ఒక షెడ్డులో తమిళ మెకానిక్‌తో 'సత్తం' వస్తున్నదని మాత్రమే చెప్పాను. ఆయన టైర్లు అరిగినవన్నాడు. రెండు కొత్తవి వేయించాను. మోత పోలేదు. మా అత్తగారిని ఆసుపత్రికి తీసుకొని వెళుతుండగా దారిలో ముందు చక్రం ఊగసాగింది. విప్పి చూస్తే లోపల నీరు చేరి, గ్రీజు చెడి, బేరింగు తుప్పుపట్టి ఉంది. తప్పు ఆయనది సగం, నాది సగం. రెండు భాషలు బోధించే నేనే శబ్దం పేరు చెప్పానే గాని, అది ఎప్పుడు వస్తున్నదో చెప్పలేదు. ఎంత వేగంలో, ఏ వైపు తిప్పినప్పుడు, బ్రేకు వేసినప్పుడా వేయనప్పుడా అన్నది చెబితే భాష అడ్డురాదు.

ఖాళీ రోడ్డు మీద స్టీరింగు కొద్దిగా కుడికి తిప్పితే మోత హెచ్చిందా, అనుమానం ఎడమ చక్రం మీద. ఎడమకు తిప్పితే హెచ్చిందా, కుడి చక్రం మీద. తరువాత సమతలంలో మిగిలిన చక్రాలకు రాళ్లు పెట్టి, అనుమానించిన చక్రాన్ని జాకీతో లేపి, పైన కింద పట్టుకొని ఊపి చూడవలెను. ఆట ఉన్నా, చేతితో తిప్పినప్పుడు గరుకుగా తిరిగినా బేరింగు మార్చవలసిందే. జాకీ మీది కారు కిందికి మాత్రం దూరరాదు.

స్టీరింగు పూర్తిగా తిప్పి మలుపు తిరిగేటప్పుడు టకటకమంటే యాక్సిల్ రబ్బరు బూటు చినిగి లోనికి బురద పోయి ఉంటుంది. చిరుగును ముందే కనిపెట్టి బూటు మార్పిస్తే జాయింటు దక్కుతుంది.

నీటిలో ఆగిపోయిన ఇంజనును అక్కడే మళ్లీ స్టార్టు చేయరాదు. గాలి వలె నీరు కుదించుకుపోదు. సిలిండరులో నీరుంటే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. అలా చెడిన ఇంజనుకు సాధారణ బీమా పాలసీలలో పరిహారం తరచుగా దక్కదు; ఇంజను రక్షణకు అదనపు ప్రీమియం కట్టి ఉండాలి. కారును తోసి గట్టు చేర్చి, ఎయిర్ ఫిల్టరు తీసి చూడండి. అది తడిసి ఉంటే తాళంచెవి ముట్టక, బండిని కట్టి లాగించుకొని పోవలెను.