మూసిన వంశావళి: జాతికుక్కల పుట్టుపూర్వోత్తరాలు

కుక్క మనిషికి మచ్చికై వేల ఏళ్ళు గడిచాయి. జాతికుక్కకు మాత్రం నూటయాభై ఏళ్ళకు మించి పెద్ద చరిత్ర లేదు. వేటకుక్క, కాపలాకుక్క, మందల వెంట తిరిగే కుక్క అన్న తేడాలు పూర్వం నుంచీ ఉన్నవే గాని, అవి పనిని బట్టి ఏర్పడ్డ తేడాలు. బాగా పరుగెత్తే కుక్కను బాగా పరుగెత్తే మరో కుక్కతో జత కట్టించేవారు. దాని తాతముత్తాతలెవరని ఎవరూ అడిగేవారు కాదు. పేరు, పుట్టుక కాగితం, ఇలాగే ఉండి తీరాలన్న రూపం, ఈ మూడూ కలిసిన జాతికుక్క విక్టోరియా రాణి కాలపు ఇంగ్లండులో పుట్టింది.

1859 జూన్‌లో న్యూకాజిల్ టౌన్‌హాలులో తొలి కుక్కల ప్రదర్శన జరిగింది. వచ్చినవి అరవై కుక్కలు, అన్నీ పాయింటర్, సెట్టర్ రకాల వేటకుక్కలే. గెలిచినవారికి తుపాకులు బహూకరించారు. ప్రదర్శనలు పెరిగేకొద్దీ మోసాలూ తగాదాలూ పెరిగాయి. వాటికి ఒక పద్ధతి పెట్టడానికి సివాలిస్ షర్లీ అనే పార్లమెంటు సభ్యుడు మరికొందరితో కలిసి 1873లో లండన్‌లో కెనెల్ క్లబ్ స్థాపించాడు. మరుసటి ఏడే వంశావళి పుస్తకం మొదటి సంపుటం అచ్చయింది. 1891లో చార్లెస్ క్రఫ్ట్ తన పేరుతో లండన్‌లో భారీ ప్రదర్శన మొదలుపెట్టాడు. ఆయన అంతకుముందు కుక్కబిస్కెట్లు అమ్మే కంపెనీలో పనిచేసినవాడు కాబట్టి ఈ ఉత్సాహంలో వింతేమీ లేదు.

ఆ కాలంలో స్థిరపడ్డ రెండు నియమాలే తర్వాతి కథంతా నడిపించాయి. ఒకటి, ప్రతి జాతికీ మాటల్లో రాసిపెట్టిన ఆకార ప్రమాణం. న్యాయనిర్ణేత కుక్క చేసే పనిని కాక దాని ఒంటి తీరును చూసి మార్కులు వేస్తాడు. రెండు, తల్లీతండ్రీ ఇద్దరూ పుస్తకంలో ఉంటేనే పిల్లకు పుస్తకంలో చోటు. మొదటి నియమం కంటికి కనిపించే కీడు చేసింది. రెండోది కనిపించని కీడు చేసింది, ఎక్కువ నష్టం దానిదే.

కంటికి కనిపించేదానికి బుల్‌డాగే ఉదాహరణ. కట్టేసిన ఎద్దు మీదికి కుక్కల్ని ఉసిగొల్పే వినోదాన్ని 1835లో బ్రిటిష్ చట్టం నిషేధించింది. పని పోయిన కుక్కకు ప్రదర్శనే బతుకుతెరువైంది. తల పెద్దదిగా, మూతి పొట్టిగా, ఛాతీ వెడల్పుగా, నడుము సన్నగా ఉంటే బహుమతి. ఏ తరానికా తరం ఇంకాస్త పెద్ద తల, ఇంకాస్త చప్పిడి మూతి ఎంచుకుంటూ పోయారు. పిల్లల తలలు తల్లి కటిలో పట్టని స్థితి వచ్చింది. బ్రిటన్‌లో 2010లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం ఈ జాతి ఈతల్లో నూటికి 86 సిజేరియన్లే.

మూతి ఎముక కురచబడ్డా లోపలి కండ, చర్మం ఆ మేరకు తగ్గవు. అంగిలి వెనుక మెత్తటి భాగం వేలాడి గాలిదారికి అడ్డం పడుతుంది, ముక్కురంధ్రాలు సన్నగీతలవుతాయి. కుక్కకు ఒళ్ళంతా చెమట పట్టదు, రొప్పుతూనే ఒళ్ళు చల్లబరచుకోవాలి. ఆ రొప్పడానికే దారి లేకపోతే ఎండాకాలం ప్రాణగండమే. 2003 క్రఫ్ట్స్ ప్రదర్శనలో అత్యుత్తమ కుక్కగా నిలిచిన పెకినీస్‌కు అంతకుముందే అంగిలికి శస్త్రచికిత్స జరిగి ఉంది. విజేతగా ఫొటో దిగేటప్పుడు అది ఐసు సంచి మీద కూర్చుంది.

ఇక కనిపించని కీడు. పుస్తకం మూసేశాక కొత్త రక్తం రాదు. పైగా బహుమతి గెలిచిన మగకుక్క కోసం అందరూ బారులు తీరుతారు, దాని సంతానం వందల్లో పుడుతుంది. నాలుగు తరాలు తిరిగేసరికి ఎటు చూసినా దాని మనవలే. మేనరికాల చర్చ ఎరిగిన తెలుగు పాఠకులకు ఇందులో చిక్కేమిటో విడమరచి చెప్పనక్కరలేదు. లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు కెనెల్ క్లబ్ రికార్డులనే లెక్కగట్టి, బ్రిటన్‌లోని సుమారు పదివేల పగ్‌లలో ఉన్న జన్యువైవిధ్యం యాభై కుక్కలకు సరిపడేంతేనని 2008లో తేల్చారు.

కావలియర్ కింగ్ చార్లెస్ స్పానియెల్ కథలో ఒక విపర్యాసం ఉంది. ఇంగ్లండు రాజు రెండో చార్లెస్ ముద్దుచేసిన చిన్న స్పానియెల్‌లకు మూతి పొడుగ్గా ఉండేది. పంతొమ్మిదో శతాబ్దపు మోజు దాన్ని చప్పిడి చేసింది. రాస్‌వెల్ ఎల్‌డ్రిడ్జ్ అనే అమెరికన్ ఇది నచ్చక, పాత చిత్రపటాల్లోలాంటి పొడుగుమూతి కుక్కను తెచ్చినవారికి 25 పౌన్లు ఇస్తానని 1926లో ప్రకటించాడు. ఉద్దేశం మంచిదే. కాని అలాంటి కుక్కలు దొరికింది కొన్నే, వాటినుంచే జాతి మొత్తాన్ని పెంచారు. కెనెల్ క్లబ్ 1945లో దాన్ని ప్రత్యేక జాతిగా గుర్తించింది. మూతి బాగుపడింది గాని, గుండె ఎడమవైపు కవాటం నడివయసుకే పాడవడం ఇంటిజబ్బయింది. పుర్రె వెనుకభాగంలో మెదడుకు చోటు చాలక వెన్నుపాములో నీటిగుంటలు ఏర్పడే జబ్బు మరొకటి. అది వచ్చిన కుక్క నడుస్తూ నడుస్తూ ఆగి, వెనక కాలితో మెడ పక్కన గాలిలో గోకుతుంది. కాలు ఒంటికి తగలనే తగలదు.

దారి లేదా అంటే, ఉంది. అడ్డుపడింది పుస్తకమే. తక్కిన జాతుల కుక్కల్లో యూరిక్ యాసిడ్ కాలేయంలోకి చేరి తేలిగ్గా కరిగే పదార్థంగా మారి బయటికి పోతుంది. డాల్మేషియన్‌లో ఒక జన్యులోపం వల్ల అది కాలేయ కణాల్లోకి సరిగా చేరదు, మూత్రంలో పోగుపడి రాళ్ళు కడుతుంది. మగకుక్కల్లో ఆ రాయి అడ్డుపడితే మూత్రం బిగదీసుకుపోతుంది. జాతిలో దాదాపు అన్నీ ఈ లోపంతోనే పుట్టేవి కాబట్టి, జాతి లోపల ఎంత ఏరికోరి జతకట్టించినా లాభం లేదు. 1973లో అమెరికాలో రాబర్ట్ షైబుల్ అనే జన్యుశాస్త్రవేత్త ఒక్కసారి పాయింటర్‌తో కలిపి, ఆ పిల్లల్ని తరతరానా మళ్ళీ డాల్మేషియన్‌లతోనే జతకట్టించుకుంటూ వచ్చాడు. అయిదో తరం కుక్కలు రెండింటిని అమెరికన్ కెనెల్ క్లబ్ 1981లో నమోదు చేసింది. జాతిసంఘం సభ్యులు రక్తం కలుషితమైందని గోల పెట్టడంతో తర్వాత తలుపులు మూసేసింది. అవి మళ్ళీ తెరుచుకున్నది 2011లో. బ్రిటన్ ఒక ఏడాది ముందు ఒప్పుకుంది. ఒక్క సంకరంతో పోయే జబ్బును కాగితం మీది శుద్ధి కోసం దాదాపు ముప్పై ఏళ్ళు మోయించారు.

2008 ఆగస్టులో బీబీసీ ప్రసారం చేసిన ‘పెడిగ్రీ డాగ్స్ ఎక్స్‌పోజ్డ్’ అనే డాక్యుమెంటరీ ఇదంతా జనం ముందు పెట్టింది. మరుసటి ఏడు బీబీసీ క్రఫ్ట్స్ ప్రసారాన్ని మానుకుంది. కెనెల్ క్లబ్ 2009లో జాతిప్రమాణాలను సవరించింది. తండ్రీకూతుళ్ళకు, తల్లీకొడుకులకు, తోబుట్టువులకు పుట్టిన పిల్లల్ని నమోదు చేయబోమని చెప్పింది. అప్పటిదాకా అది తప్పు కాదన్నమాట.

తర్వాత వ్యవహారం కోర్టుకెక్కింది. నార్వేలో జంతుసంక్షేమ సంఘం వేసిన దావాలో ఓస్లో కోర్టు 2022లో కావలియర్, బుల్‌డాగ్ రెండింటి పెంపకాన్నీ చట్టవిరుద్ధమంది. బుల్‌డాగ్ విషయంలో ఆ నిషేధం అప్పీలులో నిలవలేదు. కావలియర్ విషయంలో సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో నిషేధాన్ని ఖాయం చేసింది, వేరే జాతితో కలిపి ఆరోగ్యకరమైన సంతతిని తెచ్చుకోవడానికి అడ్డులేదు. నెదర్లాండ్స్ కొలబద్ద పట్టుకుంది: ముట్టె పొడవు పుర్రె పొడవులో మూడోవంతు కూడా లేని కుక్కను పెంపకానికి వాడకూడదు.

మన దేశంలో పగ్‌కు గిరాకీ తెచ్చింది 2003లో వచ్చిన హచ్ ఫోన్ ప్రకటన. పిల్లాడి వెంట పరుగెత్తిన ఆ కుక్కను చూసి కొన్నవారికి మే నెల హైదరాబాద్, విజయవాడ ఎండల్లో దాని అవస్థ తెలిసొచ్చింది. దేశీయ జాతులకూ ఇలాంటి తిప్పలు ఉన్నాయి. తెలుగు రాజుల కుటుంబాలు స్థిరపడ్డ తమిళనాడులోని రాజపాళయం పేరుతో పిలిచే వేటకుక్కకు పాలలాంటి తెలుపే అందమని ఏరుకుంటూ వచ్చారు. రంగునిచ్చే కణాలు లోపలిచెవికీ అవసరం, అవి లేని తెల్లపిల్లల్లో పుట్టుచెవుడు కనిపిస్తుంది. వ్యాపారం కోసం విదేశీ కుక్కల దిగుమతిని కేంద్రం 2016లో కట్టడి చేసింది. 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నియమాలు బ్రీడర్లు నమోదు కావాలని, ఎనిమిది వారాలు నిండని పిల్లల్ని అమ్మరాదని, ఆడకుక్క చేత వరసగా ఈనించరాదని చెబుతాయి. మూతి ఎంత పొడవుండాలి, ఏ మగకుక్క సంతానం ఎన్నిటికి మించకూడదు అన్న ప్రశ్నల జోలికి మాత్రం అవి పోలేదు.