ఊరికి కరెంటు ఒక తేదీ, మగ్గానికి ఇంకో తేదీ

వార్షికోత్సవ సంచికకి మీ వైపు చరిత్ర ఏదైనా రాయండి అని సమాఖ్య వాళ్లు ఫోన్ చేసినారు. నేను చదివింది ఎనిమిదో తరగతి, అదీ కన్నడ బడిలో. తెలుగు అక్షరాలు మా నాయన ఇంట్లో నేర్పించినాడు. తప్పులుంటే మీరే దిద్దుకోండి.

రాజుల చరిత్ర నాకు తెలియదు. నేను సొసైటీ సెక్రెటరీని, నాకు తెలిసింది రిజిస్టర్లు. కరెంటు గురించి రాద్దామని పాత పుస్తకాలు తీసి చూస్తే ఒక సంగతి కనబడింది. మా ఊరికి కరెంటు వచ్చింది 1971లో అని పంచాయితీలో రాసి ఉంది. మా సాలెవీధిలో మొదటి బల్బు వెలిగింది 1981లో. నడుమ పదేండ్లు. ఆ పదేండ్లు ఏమైనాయి అనేదే నేను చెప్పబోయే చరిత్ర.

మాది తుమకూరు జిల్లాలో ఆంధ్ర సరిహద్దు పల్లె. పాత మైసూరు సీమ. కరెంటు విషయంలో మైసూరుకి పెద్ద పేరు. దివాన్ శేషాద్రి అయ్యర్ కాలంలో పని మొదలుపెట్టి, 1902లో కావేరి మీద శివనసముద్రం దగ్గర కరెంటు తీసినారు. ఆ కరెంటు ముందు పోయింది యాడికి? ఊర్లకి కాదు, మైసూరు పట్టణానికీ కాదు. దాదాపు 147 కిలోమీటర్లు తీగ లాగి కోలార్ బంగారు గనులకి ఇచ్చినారు. అప్పట్లో ప్రపంచంలోనే అంత పొడుగు లైన్లు అరుదు. ఆ గనుల్లో దిగిన కూలీల్లో మన తెలుగువాళ్లూ, తమిళవాళ్లూ వేలమంది. బెంగళూరు వీధులకి 1905లో దీపాలు వచ్చినాయి. తీగ కింద ఉన్న పల్లెల్లో మాత్రం కిరసనాయిలు బుడ్డే. మా వైపు కన్నడం కలిపి సీమెణ్ణె దీపం అంటాము.

స్వాతంత్ర్యం వచ్చినాక కరెంటు బోర్డులు పెట్టినారు. 1969లో పల్లెలకి కరెంటు ఇచ్చేదానికని అప్పులిచ్చే సంస్థ, రూరల్ ఎలక్ట్రిఫికేషన్ కార్పొరేషన్, ఢిల్లీలో మొదలైంది. కరువు రోజులవి, తిండి గింజలు కావాల. అందుకని తీగ ముందు బావుల దగ్గరికి పోయింది. మా ఊర్లో కపిలెలు పోయి మోటార్లు వచ్చినాయి. అది తప్పని నేను అనను, మేమూ ఆ గింజలే తిన్నాము. కానీ లెక్క చూడండి. ఊరి పొలిమేరలో ఏదో ఒక పనికి కరెంటు వాడితే చాలు, ఆ ఊరికి కరెంటు వచ్చినట్టే రాసుకునేవాళ్లు. ఒక రెడ్డిగారి బావి మీద మోటారు తిరిగితే మా వీధి కూడా కరెంటు ఉన్న వీధి కిందే లెక్క. 1997 దాకా ఇదే లెక్క. తర్వాత ఊరి జనం ఉండే చోట వాడాలని మార్చినారు. 2004లో బడి, పంచాయితీ ఆఫీసు లాంటి చోట్లతో పాటు ఇండ్లలో నూటికి పదింటికైనా ఉండాలని నిబంధన పెట్టినారు. 2018 ఏప్రిల్ 28న మణిపూర్లో లైసాంగ్ అనే పల్లెతో దేశంలో అన్ని ఊర్లకీ కరెంటు చేరిందని ప్రకటించినారు కదా, అది ఈ పదింటి లెక్కన. మిగిలిన తొంబై ఇండ్ల కోసమని 2017లోనే సౌభాగ్య పథకం మొదలైంది.

మగ్గం వాడికి పొలం లేదు, బావి లేదు. స్తంభం మా వీధి చివరనే ఉండేది. ఇంటికి తీగ లాగాలంటే డిపాజిట్టు, మీటరు, వైరింగు అన్నీ మేమే కట్టుకోవాల. వారం కూలి వారానికే సరిపోయే ఇండ్లు మావి.

ఆ పదేండ్లూ మేము ఎట్ల నేసినామో ఈ కాలం పిల్లలకి తెలియదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. గుంట మగ్గం ఇల్లు పగలు కూడా చీకటే. ఎండ తగిలితే పడుగు ఎండి పోగులు తెగుతాయని కిటికీలు చిన్నవి పెట్టేవాళ్లు. సాయంత్రం అయితే బుడ్డి దీపం మగ్గం పక్కన పెట్టాల. పక్కన పెడితే మన చెయ్యి నీడ గుడ్డ మీదనే పడుతుంది. ముందుకు జరిపితే పొగ, మసి. ఒక చుక్క నూనె పడుగు మీద పడిందంటే ఆ చీర కూలి పోయినట్టే. నలుపు, నీలం, ముదురు ఆకుపచ్చ దీపం వెలుగులో ఒకటే మాదిరి కనబడతాయి. అందుకని ముదురు రంగులు పగలు, తెల్లపేక రాత్రి అని పని పంచుకునేవాళ్లం. తెగిన పోగు అతకాలంటే కంటిచూపు కంటే వేలి స్పర్శే మేలు. మా జేజి రాత్రిపూట కండెలు చుట్టేది, దీపం కూడా లేకుండా. నూనె ఖర్చు ఎందుకురా, నా చేతికి కండ్లు ఉన్నాయి అనేది. నలభై దాటినాక ఆమెకి సూదిలో దారం ఎక్కించడం చేతకాలేదు. మా వీధిలో ఆ వయసు ఆడోళ్లందరిదీ అదే కథ.

తర్వాత బీద ఇండ్లకి ఒక బల్బు ఉచితంగా ఇచ్చే భాగ్యజ్యోతి పథకం కర్ణాటకలో వచ్చింది. ఒక ఇంటికి ఒకటే బల్బు, 40 వాట్లు. ఇంట్లో ఒక చోటనే వెలుగుతుంది, యాడ పెట్టాల? మా అమ్మ పొయ్యి దగ్గర అనింది, నేను చదువు మానేసినాను గాని తమ్ముడు చదువుతున్నాడు, వాడు పడసాలలో అన్నాడు. నాయన ఏమీ మాట్లాడకుండా మగ్గం గుంట మీద, పలకకి సరిగ్గా పైన తగిలించినాడు. ఆ రాత్రి పదకొండు దాకా నేసినాడు. తమ్ముడు గుంట ఒడ్డున కూర్చుని చదువుకున్నాడు. వంటిల్లు మళ్లీ చీకట్లోనే ఉండిపోయింది. ఇది మా అమ్మ చచ్చేదాకా మరిచిపోలేదు, నేనూ మరవలేదు.

వెలుగు వచ్చి మాకు రోజుకు మూడు నాలుగు గంటల పని పెరిగింది. బాగుపడతామనే అనుకున్నాము. అయితే అదే తీగ పట్టుకుని పవర్‌లూమ్ కూడా వచ్చింది. దొడ్డబళ్లాపురంలో మగ్గాల చప్పుడు పెరిగినకొద్దీ మా వీధిలో తగ్గింది. మూడు దినాలు నేసే చీర అక్కడ ఒక దినంలో దిగుతుంది. మా చిన్నాయన కొడుకు గుంట పూడ్చేసి అక్కడికే పోయినాడు. వాణ్ణి తప్పు పట్టలేము. చేతి మగ్గానికి కొన్ని రకాలు కేటాయిస్తూ 1985లో చట్టం వచ్చింది, మొదట 22 రకాలు, ఇప్పుడు 11. సోలాపూర్లో ఉన్న మనవాళ్లు దుప్పట్లు, తువ్వాళ్లకి పవర్‌లూమ్ మీదనే నిలబడినారు. తమిళనాడులో ఉన్నవాళ్లకి 2023 నుంచి రెండు నెలలకి చేనేతకి 300 యూనిట్లు, పవర్‌లూమ్‌కి 1000 యూనిట్లు ఉచితం. మాకు కూడా 2023లో గృహజ్యోతి వచ్చి, 200 యూనిట్ల లోపల వాడే ఇండ్లకి వాడకాన్ని బట్టి సున్నా బిల్లు వస్తాంది. బిల్లు సున్నా అయింది సరే, కోతలు సున్నా కాలేదు.

ఇప్పుడు ఎండ కరెంటు సంగతి. మా ఊరినుంచి బస్సులో గంట ప్రయాణం చేస్తే పావగడ సోలార్ పార్కు. తెలుగు మాట్లాడే తాలూకా, కరువు తాలూకా. తిరుమణి, వళ్లూరు, బలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు అనే అయిదు ఊర్ల భూమి 13,000 ఎకరాలు, 2050 మెగావాట్లు. 2018 మార్చిలో మొదటి భాగం ప్రారంభించినారు. భూమి కొనలేదు, ఎకరాకి ఏడాదికి 21,000 రూపాయలు కౌలు, రెండేండ్లకొకసారి నూటికి అయిదు పెంపు. భూమి ఉన్నవాళ్లకి ఇది మేలే, వాన పడకపోయినా డబ్బు పడుతుంది. భూమి లేని కూలీలకి ఆ కౌలు లేదు, చేను పనీ పోయింది. నేను పోయి చూసినాను. కంటికి ఆనినంత దూరం అద్దాలే. శివనసముద్రం తీగ గుర్తుకొచ్చింది. ఈ కరెంటు కూడా పెద్ద లైనెక్కి దూరం పోతుంది.

మా సొసైటీ కూడా చిన్న ఎత్తున ఒకసారి సోలార్ పెట్టింది. ఒక పథకం కింద పన్నెండు మగ్గాలకి దీపాలు తెచ్చినాము. మొదటి ఏడాది అందరూ మెచ్చుకున్నారు. మూడో ఏటికి తొమ్మిది ఆరిపోయినాయి. పలకలు బాగానే ఉన్నాయి, బ్యాటరీలు ఎండినాయి. డిస్టిల్డ్ వాటర్ పోయాలని ఎవరికీ చెప్పలేదు, రిజిస్టర్లో పేజీ కూడా పెట్టలేదు. సెక్రెటరీగా ఆ తప్పు నాదే.

అందుకని ఇప్పుడు ఇంటిమీద సోలార్ అని 2024 నుంచి కేంద్రం సబ్సిడీ ఇస్తా ఉంటే, మూడు కిలోవాట్లకి 78,000 దాకా, మన వాళ్లు ఎగబడే ముందు ఒక మాట చెప్పాల. ఈ సబ్సిడీ సోలార్ లైనుకి కలిపి ఉంటుంది. మామూలు రకంలో లైన్లో కరెంటు పోతే నెత్తిన ఎండ కాస్తా ఉన్నా ఇదీ ఆగిపోతుంది. స్తంభం ఎక్కిన లైన్‌మాన్‌కి షాక్ కొట్టకుండా అట్ల చేసినారు. బిల్లు తగ్గాలంటే అది మంచిదే. కోతలో మగ్గం మీద వెలుగు కావాలంటే బ్యాటరీ ఉండాల. పాత 40 వాట్ల బల్బు అయిదు గంటలకి తినే కరెంటుతో 9 వాట్ల ఎల్‌ఈడీ ఇరవై రెండు గంటలు వెలుగుతుంది. కాబట్టి మగ్గానికి పెద్ద సరంజామా అక్కర్లేదు, వంద వాట్ల పలక ఒకటి, బ్యాటరీ ఒకటి ఉంటే నాలుగు దీపాలు రాత్రి నాలుగు గంటలు నిమ్మళంగా నడుస్తాయి.

పోయిన నెల మీటింగులో మిగిలిన ఇరవై ఒక్క మగ్గాలకి ఈ లెక్కనే పెట్టాలని తీర్మానం రాసినాము. ఈసారి బ్యాటరీ చూసే పనికి నెలకి ఇంత అని ఒక పిల్లకి కూలి కూడా రాసినాము. ఇంకో సంగతి, ఇంటికి రెండు దీపాలు, ఒకటి మగ్గానికి, ఒకటి పొయ్యి దగ్గర. పొయ్యి దీపం ఎందుకు, ఖర్చు కదా అని ఒక సభ్యుడు అడిగినాడు. నేను మా అమ్మ సంగతి చెప్పినాను. ఇంకెవరూ ఏమీ అనలేదు, సంతకాలు పెట్టినారు.